బేరిగైకి వెళ్ళిన తాంబూలం

ఆయన పోయిన సంగతి నాకు ఎవరూ వచ్చి చెప్పలేదు. హోసూరు తాలూకాఫీసు వీధిలో ఆయన వక్కాకు అంగడి మూడు రోజులు వరసగా మూసి ఉంటే, నాలుగో రోజు పక్కనున్న టైలరును అడిగి తెలుసుకున్నాను.

"మీకు తెలీదా చిన్నదొరా? శనివారం తెల్లారేసరికి పోయినాడు. గుండె," అన్నాడు టైలరు, మిషను ఆపకుండానే.

ఒకప్పుడు ఆ ఊళ్ళో ఎవరింట్లో ఏం జరిగినా మొదటి కబురు మా ఇంటికి వచ్చేది. ఆ అలవాటు పోయి చాలా కాలమైంది. దాన్ని గురించి నేను ఎవరినీ ఏమీ అనలేదు. కానీ ఈ ఒక్క కబురు మాత్రం నాకు రావలసింది. రాకపోవడానికి కారణం కూడా నాకు తెలుసు కనుక ఇది రాస్తున్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. నలుగురి ముందు ఒకసారి ఆ పేరు చెడగొట్టినవాణ్ణి నేను. మళ్ళీ నా చేతి మీదుగా అది నలుగురిలోకి రావడం నాకు ఇష్టం లేదు.

అంగడి అంటే పెద్దదేమీ కాదు. ఇద్దరు మనుషులు అడ్డంగా నిలబడితే నిండిపోయే గూడు. అందులో కాళ్ళు మడుచుకుని కూర్చునేవాడు. ముందు పలక మీద తడిగుడ్డలో చుట్టిన ఆకు, సున్నం డబ్బీ, అడకత్తెర. హోసూరు చలికి నెత్తిన మంకీ టోపీ ఎక్కిందంటే, ఎండలు ముదిరినా దిగేది కాదు. అడిగితే, "చలి పోయిందని చెప్పేదానికి ఎవురన్నా వచ్చినారా నాకాడికి?" అనేవాడు.

సిగరెట్లూ అగ్గిపెట్టెలూ పలక మీదికి తోసేవాడు. ఆకు మాత్రం అలా ఇవ్వడు. మడిచి, వేళ్ళ మధ్య పట్టుకుని, ఎదుటివాడు చెయ్యి చాపేదాకా ఆగి, అరచేతిలో పెట్టేవాడు. ఫ్యాక్టరీ ఆఫీసరైనా బస్టాండులో మూటలు మోసేవాడైనా అంతే. తొందరలో ఉన్న ఒక ఆఫీసరు ఒకసారి "ఆడ పెట్టప్పా, తీసుకుంటా" అన్నాడు. "ఆకు పెట్టేది కాదు సామీ, ఇచ్చేది," అని ఈయన చెయ్యి చాపుకునే ఉన్నాడు. ఆ ఆఫీసరు చివరికి తన చేతిలోని సంచి కింద పెట్టవలసి వచ్చింది.

ఆయనకు ఫుట్‌బాలు పిచ్చి. మాటవరసకు పిచ్చి అంటున్నాను గాని, పిచ్చివాడికి ఉండే గోల ఆయనలో లేదు. జీవితంలో ఒక్కసారి కూడా బంతి తన్నలేదు. మా జట్టులో ఒకప్పుడు బ్యాకు ఆడి, తర్వాత లేతు మిషను మీద పనికి కుదురుకున్న గోవిందప్ప ఆ మాట పట్టుకుని ఏడిపించేవాడు.

"ఒక్కసారన్నా బంతి తన్నినావా నువ్వు? మాకు ఆట చెప్తావే."

"ఎందుకప్పా తన్నేది? పాపం, అది నన్నేమి చేసింది?"

ఆట జరిగే రోజు మధ్యాహ్నం అంగడి మూసేసి మైదానానికి వచ్చేవాడు. సున్నపు గీతకు రెండడుగుల అవతల చెప్పులు విడిచి, వాటి మీదే కూర్చునేవాడు. అరవడు, లేవడు, చప్పట్లు కొట్టడు. చుట్టూ వందల మంది బంతిని చూస్తుంటే ఆయన ఒక్కడే ఇంకెక్కడో చూస్తుండేవాడు. ఎటు చూస్తున్నావని అడిగాను ఒకసారి.

"బంతి యాడుందో అందురికీ తెలుసు చిన్నదొరా. మునిరాజు యాడుండాడో చూడండి. ఇంకొంచేపటికి బంతి ఆడికే వస్తాది. దానికి వేరే దారి లేదు."

మునిరాజు మా జట్టులో మధ్యలో ఆడేవాడు. బేరిగై అనే పల్లె వాడు. తండ్రి గొర్రెలు మేపేవాడు. మునిరాజు హోసూరులో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి కుదిరి, పని అయ్యాక మైదానానికి వచ్చేవాడు. చూడటానికి గొప్పగా పరుగెత్తేవాడు కాదు. మంద ఎటు కదులుతుందో ముందే తెలిసిన వాడిలా, అవసరమైన చోట నిలబడి ఉండేవాడు. అతని కాలి నుంచి వెళ్ళిన బంతి అందుకున్నవాడికి, అది తనకోసమే తయారై వచ్చినట్టు ఉండేది. వక్కాకు అంగడి మనిషి ఆ పాసులను మెచ్చుకునేది ఒక్కటే మాటతో.

"ఆకు ఇచ్చినట్టు ఇచ్చినాడు," అనేవాడు.

ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

సాయంత్రం ఫస్టు షిఫ్టు వదిలాక అంగడి ముందు సభ మొదలయ్యేది. గోవిందప్ప వచ్చేవాడు. బాగలూరులో గులాబీలు పెంచే నారాయణప్ప, పూలు బస్సుకెక్కించి వచ్చేవాడు. ఇంకా పేరు తెలియని వాళ్ళు నలుగురైదుగురు. నేను కాస్త ఎడంగా, కరెంటు స్తంభం పక్కన నిలబడేవాణ్ణి. వాదంలోకి దిగేవాణ్ణి కాదు. చివర్లో ఎవరో ఒకరు "చిన్నదొర ఏమంటారు?" అని అడిగేవారు. అడిగితే చెప్పేవాణ్ణి.

ఆ గౌరవానికి కారణం నేను కాను. మా తాతగారి రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళు కొన్ని మా మిట్టా అనే చిన్న జమీందారీ కింద ఉండేవి. శిస్తు మా ఇంట్లో కట్టేవారు. మిట్టా పోయింది, తర్వాత భూములు పోయాయి. నా చేతికొచ్చేసరికి సగం ఇల్లూ, తాతగారు జట్టుకు రాసిచ్చిన మైదానం మీద మాట వరస పెద్దరికమూ మిగిలాయి. నేను ఒక కంపెనీ స్టోర్సులో గుమాస్తాను. అయినా ఆ జట్టుకు తాంబూలం ఇచ్చే చెయ్యి మాదే.

ఈ తాంబూలం సంగతి కొంచెం చెప్పాలి. మా వైపు జట్లలో ఆటగాడి దగ్గర సంతకాలు తీసుకునే పద్ధతి ఉండేది కాదు. ఉగాది మరునాడు జట్టు పెద్ద పళ్ళెంలో ఆకూ వక్కా పెట్టి ఆటగాడికి ఇస్తాడు. ఆ ఆకు పుచ్చుకున్నవాడు ఆ ఏడాది ఇంకొకరికి ఆడడు. హోసూరులోనూ కృష్ణగిరిలోనూ అందరూ ఈ మాటకు కట్టుబడి ఉండేవారు. వేసవిలో కృష్ణగిరిలో జరిగే పెద్ద పోటీకి జట్లన్నీ ఈ ఆకు మీదే నిలబడేవి. మా జట్టుకు ఇంకో పద్ధతి కూడా ఉంది. ఆకు కోసం ఆటగాడే రావాలి. మైదానంలో తాతగారి కుర్చీ వేసి, అందులో మా ఇంటివాడు కూర్చుని ఇస్తాడు. మా ఇంటి ఆకు ఎవరి గడపకూ వెళ్ళలేదు.

తొంభైల చివర్లో ఒక ఏడు, ఉగాదికి నెల ముందు, ఆ అంగడి ముందు వాదం ముదిరింది. మునిరాజును కృష్ణగిరి వాళ్ళు అడుగుతున్నారని కబురు. కృష్ణగిరి జట్టును పోషించేది ఒక మామిడి మండీ యజమాని. ఆయనకు మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ కూడా ఉంది. అందులో పర్మనెంటు పని ఇస్తానన్నాడట.

"పోతాడు," అన్నాడు గోవిందప్ప. "పర్మనెంటు అంటే ఊరికే వస్తాదా? ఈడ మూడు నెలలకోసారి గేటు బయట నిలబెడతారు వాణ్ణి."

"పోడు," అన్నాడు ఆయన, వక్క కత్తిరిస్తూ.

"నీకు చెప్పినాడా?"

"చెప్పాల్నా? మూడేండ్లుగా చూస్తా ఉండాను. ఆ మైదానంలో యాడ గుంత ఉందో, యాడ మిట్ట ఉందో వాడి కాలికి తెలుసు. అది వదిలి పోతాడా?"

నారాయణప్ప నవ్వాడు. "గుంత కోసం ఉండేటోళ్ళు ఉంటారా అప్పా లోకంలో? గోవిందప్పా, నిన్ను పిలిస్తే పోవా?"

"నన్నెవురు పిలుస్తారు?"

"అదే కదా. నీ ఆట చూసినోళ్ళు నిన్ను పిలుచుకుపోయేదానికి రారు, తరుముకుపోయేదానికి వస్తారు. నీకు పర్మనెంటు ఇస్తే కృష్ణగిరేమి, సామల్పట్టి స్టేషన్లో బెంచీ మింద పండుకోమన్నా పోతావు."

ఆయన పలక మీద ఆట పరిచేవాడు. వక్కలు మనవాళ్ళు, లవంగాలు కృష్ణగిరి వాళ్ళు. మధ్యలో ఒక్క ఏలకికాయ, అది మునిరాజు. వక్కలను కదిపి, ఏలకి లేకపోతే ఎక్కడ తెగిపోతుందో చూపించేవాడు. గోవిందప్ప ఆ రోజు చటుక్కున ఏలకికాయ తీసి నోట్లో వేసుకుని నమిలేశాడు.

"అంతేనప్పా. కృష్ణగిరోళ్ళు తీసుకుపోయినారు. ఇప్పుడు ఆడు చూద్దాం."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. డబ్బాలోంచి ఇంకో ఏలకికాయ తీసి అదే చోట పెట్టాడు. గోవిందప్ప దాన్ని కూడా తిన్నాడు. మూడోది పెట్టాడు. ఆ తర్వాత గోవిందప్ప చెయ్యి రాలేదు.

"చిన్నదొర ఏమంటారు?" అని ఎవరో అడిగారు.

"ఆకు పుచ్చుకునే రోజు ఎవరు వస్తారో ఎవరు రారో తెలుస్తుంది," అన్నాను.

తర్వాత వారం ఒక ఆదివారం ఆయన మా ఇంటికి వచ్చాడు. అంతకు ముందెన్నడూ రాలేదు. నెత్తిన టోపీ లేదు. లోపలికి రమ్మంటే రాలేదు, వాకిట్లో మెట్టు మీద కూర్చున్నాడు.

"మండీ ఆయన బేరిగైకి పోయినాడంట చిన్నదొరా. మునిరాజు నాయన పక్కన నేల మింద కూర్చుని ముద్ద తిన్నాడంట. ఆకు కూడా తీసుకుపోయినాడు. మునిరాజు ఇంకా పుచ్చుకోలేదు. ఉగాది అయినాక చెప్తానన్నాడు."

"మంచిదే కదా. ఉగాది మరునాడు వస్తాడు."

"వాడు వస్తాడు. వాళ్ళ నాయన పంపడు. ఆ ముసలాయన అంటా ఉండాడంట, నా గడపకి వచ్చి అడిగినోళ్ళు కృష్ణగిరోళ్ళు, మూడేండ్లుగా నా కొడుకు ఆడేది హోసూరోళ్ళకి, వాళ్ళలో ఒక్కరన్నా నా ఇల్లు యాడుందని అడిగినారా అని." ఆయన నా వైపు తిరిగాడు. "మీరు ఒక్కసారి బేరిగైకి రాండి. నేనూ వస్తా. ఆకు నేను కడతాను. మీరు ఇస్తే చాలు, మాట్లాడేది కూడా వద్దు."

"మా ఇంటి ఆకు బయటికి పోలేదు. నీకు తెలుసు."

"తెలుసు."

"వచ్చి తీసుకునేవాడికి ఇస్తాం. ఇష్టం లేనివాడి గడప దగ్గర నిలబడి ఇవ్వం. ఆ పద్ధతి కూడా పోతే, మా ఇంట్లో ఇంకేముంది?"

ఆయన మెట్టు మీద అరచెయ్యి పెట్టి, దుమ్ము తుడుస్తున్నట్టు రెండుసార్లు రాశాడు. "నాకు పెండ్లాం బిడ్డలు లేరు చిన్నదొరా," అన్నాడు లేస్తూ. "వారానికి ఒక పొద్దు ఆ పిల్లోని ఆట చూస్తాను. అంతే నాకుండేది." దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆయన అంత మాట అడగడం నాకు నచ్చలేదు. ఆ రోజు నేను అనుకున్నది అదే, వేరే ఏమీ అనుకోలేదు.

ఉగాది మరునాడు పొద్దున మైదానంలో కుర్చీ వేశారు. పళ్ళెంలో ఆకూ వక్కా పెట్టుకుని కూర్చున్నాను. ఆటగాళ్ళు వచ్చారు, అంగడి ముందు వాదించేవాళ్ళంతా వచ్చారు. ఒక్కొక్కరే వచ్చి ఆకు పుచ్చుకుంటున్నారు. అందరి చూపూ గేటు వైపే ఉంది. ఆయన మాత్రం గీత అవతల చెప్పుల మీద కూర్చుని నేల చూస్తున్నాడు.

మునిరాజు వచ్చాడు. ఒక్కడే రాలేదు, వెంట తండ్రి ఉన్నాడు. ఉతికిన తలపాగా చుట్టుకుని, కంబళి మడిచి భుజాన వేసుకుని ఉన్నాడు ముసలాయన. గోవిందప్ప ఈల వేయబోయి ఆపుకున్నాడు. మునిరాజు నా ముందు నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"మీరు బేరిగైకి ఆకు పంపించినారు. మా నాయన సంతోషపడినాడు. మొన్ననే పుచ్చుకున్నాను. నేను ఈడనే ఆడతాను చిన్నదొరా. మా నాయన మిమ్మల్ని చూసి పోదామని వచ్చినాడు."

ముసలాయన నాకు దండం పెట్టాడు. జనంలో సంతోషం ఒక్కసారిగా లేచింది. నేను గీత వైపు చూశాను. ఆయన తలెత్తి నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో భయం లేదు, అడగడం ఉంది. నాకు జరిగినదంతా అర్థమైంది. నేను రానంటే ఆయనే ఆకు కట్టుకుని బేరిగైకి వెళ్ళాడు. నేను పంపానని చెప్పి ఇచ్చాడు.

అప్పుడు నేను ఊరుకోవచ్చు. తల ఊపితే చాలు. ఊపకపోయినా చాలు. కానీ నాకు అనిపించింది ఒక్కటే. మా ఇంటి ఆకు ఒకరి గడపకు వెళ్ళిందని ఇంతమంది అనుకుంటున్నారు. వెళ్ళలేదు. అది అబద్ధం.

"నేను ఎవురికీ ఆకు పంపలేదు," అన్నాను. "మా ఇంట్లో ఆ పద్ధతి లేదు. కావాలంటే ఇదిగో, ఈడ తీసుకో."

మునిరాజు నెమ్మదిగా ఆయన వైపు తిరిగాడు. ఆయన లేచి నిలబడ్డాడు. చెప్పులు వేసుకోలేదు.

"నేనే తెచ్చినానప్పా," అన్నాడు. మునిరాజుతో కాదు, వాళ్ళ నాయనతో. "ఆయన పంపలేదు. ఆయన పంపినాడని నేనే చెప్పినాను."

ముసలాయన ఆయన్ని చూశాడు. నన్ను చూశాడు. భుజం మీది కంబళిని సర్దుకుని, వచ్చిన దారినే గేటు వైపు నడిచాడు. మునిరాజు నా పళ్ళెం వైపు ఒకసారి చూసి తండ్రి వెనకే వెళ్ళాడు. కృష్ణగిరి జట్టు ఆకు పుచ్చుకున్నాడని రెండు రోజుల తర్వాత తెలిసింది.

ఊరు ఆయన్నే తిట్టింది. అంగడి ముందు నిలబడి మరీ తిట్టారు. "నీ అబద్ధం వల్ల పోయినాడు. వాడంతట వాణ్ణి వదిలుంటే వచ్చి పుచ్చుకునేవాడు," అన్నాడు గోవిందప్ప. ఆయన "అవునప్పా, తప్పు నాదే" అని, అతనికి అలవాటైనట్టుగా సున్నం తక్కువ రాసి ఆకు మడిచి ఇచ్చాడు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నా ముందు అనలేదు అంటే సరిగ్గా ఉంటుంది.

నేను కూడా ఒక మాట అన్నాను. "నా పేరు మీద అబద్ధం చెప్పకుండా ఉండాల్సింది."

"నిజమే చిన్నదొరా," అన్నాడు. వక్కలు కత్తిరిస్తూనే ఉన్నాడు. ఆ రోజు నా ఆకు మడిచి, పలక మీద నా వైపు పెట్టాడు.

పొరపాటున పెట్టాడనుకున్నాను. మర్నాడూ పలక మీదే పెట్టాడు. చెయ్యి చాపాను ఒకసారి. గమనించనట్టు ఇంకో మనిషి వైపు తిరిగాడు. ఆ తర్వాత చాపలేదు. అడగడం మా ఇంట్లో లేదు. ఊళ్ళో మిగతా అందరికీ అరచేతిలోనే పెట్టేవాడు. నాకు ఒక్కడికి పలక మీద. మాటలో మర్యాద ఇసుమంత తగ్గలేదు. ఎండ ఎక్కువగా ఉంటే "కొంచెం నీడకి రాండి చిన్నదొరా" అనేవాడు. నాకు ఇష్టమని లేత ఆకు ఏరి ఉంచేవాడు. కానీ నా చేతికి ఇవ్వలేదు.

ఆ వేసవి కృష్ణగిరిలో ఫైనలు మాకూ వాళ్ళకే పడింది. బస్సులో ఆయన నా వెనక సీటులో కూర్చున్నాడు. కొండ కింద ఆ మైదానంలో, చెప్పులు విడిచి వాటి మీద కూర్చోవడం అక్కడా మానలేదు. మావాళ్ళు పోరాడారు. ఆట ముగిసేముందు మునిరాజు, చుట్టూ ముగ్గురుండగా, చూడకుండానే ఒక పాసు ఇచ్చాడు. అందుకున్నవాడు గోలు చెయ్యక తప్పని పాసు. మేము ఓడిపోయాం. మా చుట్టూ హోసూరు వాళ్ళంతా తిట్టుకుంటుంటే ఆయన పెదాలు కదిలాయి. దగ్గరగా ఉన్నాను కనుక వినబడింది.

"ఆకు ఇచ్చినట్టు ఇచ్చినాడు."

నారాయణప్ప మండిపడ్డాడు. "అదేమప్పా, మనం ఓడితే మెచ్చుకుంటావు?"

"ఓడింది మనం కదా. వాడి ఆట ఏమి చేసింది?"

ఆట అయిపోయాక జనంలో ఆయన కనబడలేదు. తిరుగు బస్సు బయలుదేరేముందు పరుగున వచ్చి ఎక్కాడు. ఎక్కడికి పోయావని గోవిందప్ప అడిగితే, నీళ్ళు తాగి వచ్చానన్నాడు.

ఆ తర్వాత కూడా పలక మీద ఆట పరిచేవాడు. ఏలకికాయను లవంగాల వైపు పెట్టేవాడు. వక్కల మధ్యలో ఆ చోటు ఖాళీగా ఉంచేవాడు. ఎవరైనా ఇంకో వక్కను అక్కడికి జరపబోతే, "ఉండనీప్పా," అనేవాడు.

మా జట్టు నాలుగైదేళ్ళు నడిచి ఆగిపోయింది. ఫ్యాక్టరీలు పెరిగాయి, షిఫ్టులు మారాయి, పిల్లలు టీవీలో వేరే ఆట చూడటం మొదలుపెట్టారు. తాతగారి కుర్చీ అవసరం లేకుండా పోయింది. నేను రోజూ ఆ అంగడికి వెళ్ళడం మానలేదు. తొమ్మిదేళ్ళు పలక మీది ఆకు తీసుకున్నాను. ఎన్నోసార్లు ఒక మాట అనాలని వెళ్ళేవాణ్ణి. అనేవాణ్ణి కాదు. రేపు చెప్పవచ్చు అనుకోవడానికి ఆ అంగడి రోజూ తెరిచే ఉండేది.

టైలరు చెప్పిన రోజే ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన ఉండేది చెరువుకట్ట దగ్గర అద్దె గది. తమ్ముడి కొడుకు ఎవరో వచ్చి సామాను సర్దుతున్నాడు. వాకిట్లో ఒక మనిషి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఒళ్ళు చేసింది, జుట్టు నెరుస్తోంది. నిలబడిన తీరు చూసి గుర్తుపట్టాను. మునిరాజు.

"ఎప్పుడొచ్చినావు?"

"శనివారమే చిన్నదొరా. కృష్ణగిరికి నాకు కబురొచ్చింది. అప్పటి నుంచి ఈడనే ఉన్నాను." గుజ్జు ఫ్యాక్టరీలోనే పని చేస్తున్నానని, మోకాలు పోయి ఆట మానేశానని, తండ్రి రెండేళ్ళ కింద పోయాడని చెప్పాడు.

ఆయనకు చెప్పలేకపోయిన మాట ఇతనికైనా చెప్పాలనిపించింది. "ఆ పొద్దు నీకు అబద్ధం చెప్పినందుకు ఆయన శానా బాధపడినాడు," అన్నాను. అది కాదు నేను చెప్పదలచింది. నోటికి అదే వచ్చింది.

"నాకేమీ అబద్ధం చెప్పలేదే."

"నేను పంపినానని..."

"నాకు తెలుసు చిన్నదొరా, మీరు పంపలేదని." మునిరాజు గొంతులో కోపం లేదు. "ఆయన మా ఇంట్లో చీకటి పడేదాకా కూర్చున్నాడు. మా నాయనని ఒక్కో గొర్రె పేరూ అడిగినాడు. మీ ఇంటి నుంచి వచ్చినోళ్ళయితే పళ్ళెం పెట్టి లేచిపోరా? చూస్తానే తెలిసిపోయింది. మా నాయనకి తెలీదు. దొరల ఇంటి ఆకు వచ్చిందని ఆ రాత్రి సరిగా తినను కూడా లేదు ఆ ముసలాయన."

"తెలిసి ఎట్ల పుచ్చుకున్నావు?"

"ఆయన ఆకే పుచ్చుకున్నాను. ఆయన వచ్చినాడు కదా, అది చాలదా నాకు? మా నాయన కోసరం మీ పేరు. ఆ పొద్దు మీరు ఊరికే ఉన్నింటే చాలు, ఈడనే ఆడి ఉందును. మా నాయన ముందర కాదన్నాక, ఆకు తెచ్చినాయన మొగాన్ని చూసినాక, ఇంక నేను ఆ మైదానంలో ఎట్ల దిగేది?"

లోపల తమ్ముడి కొడుకు ఇనప పెట్టె జరుపుతున్న చప్పుడు. నేను అడగవలసింది ఇంకొకటి ఉంది.

"ఈ సంగతి ఆయనకు తెలుసా?"

"తెలుసు. ఆ ఏడే చెప్పినాను, ఫైనలు అయినాక. నన్ను వెతుక్కుంటా వచ్చినాడు. అంతా విని, చిన్నదొరకి మాత్రం ఎప్పుడూ చెప్పద్దప్పా, ఆయన ఓర్చుకోలేడు అన్నాడు. నా దగ్గర మాట తీసుకున్నాడు." మునిరాజు గోడ వదిలి సరిగ్గా నిలబడ్డాడు. "ఇప్పుడు ఆయన లేడు. ఇంక చెప్పచ్చు అనుకున్నాను."